తాత్కాలిక స్టోమా: పేగును కలిపేశాక కూడా పొట్టపై దారి ఎందుకు?

మలాశయ క్యాన్సర్ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారికి సర్జన్ చెప్పే మాటల్లో రెండు ఒకదానితో ఒకటి పొసగనట్టు వినిపిస్తాయి. గడ్డ ఉన్న భాగాన్ని కోసి తీసేసి పేగు రెండు కొసలనూ తిరిగి కలిపేస్తామన్నది మొదటి మాట. అయినా కొన్ని నెలలపాటు మలం పొట్టపై పెట్టిన ద్వారం గుండా సంచిలోకి వస్తుందన్నది రెండో మాట. పేగు కలిసిపోయాక ఆ ద్వారంతో పనేమిటన్న సందేహం చాలామందికి ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా తీరదు. క్యాన్సర్ ముదిరిపోయింది కాబట్టే సంచి పెడుతున్నారని కొందరు భయపడతారు. నిజానికి తాత్కాలిక స్టోమా అనే ఆ ద్వారానికీ క్యాన్సర్ ముదరడానికీ నేరుగా సంబంధం లేదు. అది గడ్డ కోసం పెట్టేది కాదు, గడ్డ తీశాక మిగిలే అతుకు కోసం పెట్టేది.

స్టోమా అంటే ఏమిటి, కంటికి ఎలా కనిపిస్తుంది

స్టోమా అన్నది గ్రీకు మాట, నోరు అని అర్థం. పేగును పొట్ట గోడ గుండా బయటికి తెచ్చి, దాని అంచులను చర్మానికి కుట్టి చేసే ద్వారమే స్టోమా. చిన్నపేగు చివరి భాగంతో చేస్తే ఇలియాస్టమీ అంటారు, పెద్దపేగుతో చేస్తే కొలాస్టమీ అంటారు. పేగును పూర్తిగా తెంచి పై కొసను బయటికి తెస్తే అది ఎండ్ స్టోమా. తెంచకుండా ఒక మడతను మాత్రమే పైకి లాగి, ఆ మడతపై గాటు పెట్టి తెరిస్తే లూప్ స్టోమా. తాత్కాలికంగా పెట్టేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. మడతను తిరిగి మూసి లోపలికి పంపడానికి చాలాసార్లు పొట్ట మొత్తం మళ్లీ తెరవనక్కర్లేకపోవడమే అందుకు కారణం.

లూప్ స్టోమాను దగ్గరగా చూస్తే ఒకటే ముద్దలా ఉన్నా అందులో రెండు నోళ్లుంటాయి. ఒకటి పైనుంచి వచ్చే మలాన్ని బయటికి వదులుతుంది. రెండోది కింద విశ్రాంతిలో ఉన్న పేగులోకి దారితీస్తుంది. పేగు లోపలి పొర బయటికి తిరిగి ఉండటం వల్ల స్టోమా బుగ్గ లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. తాకితే నొప్పి తెలియదు, గట్టిగా తుడిస్తే కాస్త రక్తం కనిపించవచ్చు, చూస్తూండగానే మెల్లగా ముడుచుకుని సాగుతుంది. ఇలియాస్టమీని చర్మం పైకి 2 నుంచి 2.5 సెంటీమీటర్ల ఎత్తున చిన్న కొమ్ములా నిలబెడతారు. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాలు ఉంటాయి, అవి చర్మానికి తగిలితే గంటల్లోనే మంట, పుండు పుడతాయి, అందుకని ద్రవం నేరుగా సంచిలో పడేలా ఈ ఏర్పాటు. పేగు కొసను ఇలా తిరగేసి కుట్టే పద్ధతిని బ్రిటిష్ సర్జన్ బ్రయాన్ బ్రూక్ 1952లో వివరించారు. అంతకుముందు ఇలియాస్టమీ ఉన్నవారి చర్మం పడిన బాధను తలచుకుంటే, ఇంత చిన్న మార్పు ఎంత మేలు చేసిందో అర్థమవుతుంది. పెద్దపేగు నుంచి వచ్చే మలం గట్టిపడి ఉంటుంది కనుక కొలాస్టమీని దాదాపు చర్మంతో సమానంగా ఉంచినా ఇబ్బంది ఉండదు.

అతుకు ఎందుకు ఊడుతుంది

పెద్దపేగు చివర, మలద్వారానికి పైన సుమారు 15 సెంటీమీటర్ల భాగం మలాశయం. కటి ఎముకల మధ్య ఇరుకైన గరాటులాంటి చోట అది ఉంటుంది. 1908లో ఎర్నెస్ట్ మైల్స్ అనే సర్జన్ మలాశయాన్ని మలద్వారంతో సహా తీసేసే ఆపరేషన్‌ను వివరించారు. ఆ పద్ధతిలో బతికినంతకాలం కొలాస్టమీ తప్పదు. తర్వాతి దశాబ్దాల్లో రెండు మార్పులు వచ్చాయి. పేగు కొసలను లోతున కూడా గుండ్రంగా కలిపే స్టేప్లర్ పరికరాలు 1970ల నుంచి వాడుకలోకి వచ్చాయి. మలాశయాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు తొడుగు చెదరకుండా మొత్తంగా తీసే పద్ధతిని బిల్ హీల్డ్, ఆయన సహచరులు 1982లో ప్రచురించారు. దానితో క్యాన్సర్ అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గింది. ఇప్పుడు గడ్డ చాలా కిందున్నా అనేకమందికి మలద్వారాన్ని కాపాడి పేగును కలపగలుగుతున్నారు.

అయితే అతుకు ఎంత కిందికి వెళితే అంత బలహీనం. రక్తనాళాలు ఉండే ఆ కొవ్వు తొడుగును తీసేయడం వల్ల మిగిలిన మలాశయపు మొదలుకు రక్తం తక్కువగా అందుతుంది. పైనుంచి కిందికి దించిన పేగు చాలినంత పొడవు రాకపోతే అతుకు మీద లాగుడు పడుతుంది. ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ తీసుకున్నవారిలో ఆ చోటి కణజాలం మానే శక్తి తగ్గి ఉంటుంది. మగవారి కటి ఇరుకుగా ఉండటం, పొగ తాగడం, పోషకాహార లోపం, స్థూలకాయం, స్టెరాయిడ్ మందులు కూడా ప్రమాదాన్ని పెంచేవే. అతుకు ఎక్కడో ఒకచోట విడిపోయి లోపలి మలం, సూక్ష్మక్రిములు కటిలోకి చిందితే దాన్ని లీకేజీ అంటారు. చాలావరకు ఇది ఆపరేషన్ అయిన మొదటి వారం, పది రోజుల్లో బయటపడుతుంది. కొందరిలో వారాల తర్వాత చీము గడ్డగా తేలుతుంది. ఉదరమంతా ఇన్ఫెక్షన్ పాకితే ప్రాణం మీదికి వస్తుంది. అంతదాకా పోకపోయినా మళ్లీ ఆపరేషన్, నెలల తరబడి కోలుకోవడం, కీమోథెరపీ వాయిదా తప్పకపోవచ్చు.

మలం దారి మళ్లితే ఏం మారుతుంది

అతుకుకు పైన స్టోమా పెట్టి మలాన్ని మళ్లిస్తే కుట్లు తెగవని అనుకోవడం సహజం. అది సగమే నిజం. అతుకుకు రక్తం అందకపోవడం, లాగుడు పడటం లాంటి మూల కారణాలను స్టోమా ఏమీ మార్చలేదు. అతుకులో చిన్న చీలిక వచ్చినా దాని గుండా మలం ప్రవహించకుండా చూడటమే అది చేసే పని. ఇంటి పైపు అతుకు దగ్గర పగిలినప్పుడు పైన వాల్వు కట్టేసినట్టే. పగులు పగులుగానే ఉంటుంది, గది మాత్రం మునగదు. అందువల్ల పెద్ద ఉపద్రవం కావలసింది చాలాసార్లు యాంటీబయాటిక్‌లతోనో, చీము తీసే గొట్టంతోనో సర్దుకుంటుంది.

దీన్ని అంకెల్లో చూపిన అధ్యయనం స్వీడన్‌లో జరిగింది. మలద్వారం నుంచి 7 సెంటీమీటర్లు, అంతకు తక్కువ ఎత్తులో అతుకు ఉన్న 234 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విభజించి, 116 మందికి లూప్ స్టోమా పెట్టారు, 118 మందికి పెట్టలేదు. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. స్టోమా ఉన్నవారిలో 12 మందికి (10.3 శాతం), లేనివారిలో 33 మందికి (28 శాతం) లక్షణాలు కనిపించేంత లీకేజీ వచ్చింది. అత్యవసరంగా మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినవారు స్టోమా ఉన్నవారిలో 8.6 శాతం, లేనివారిలో 25.4 శాతం.

ఈ అంకెలను 100 మంది మీద పరిచి చూస్తే అసలు బేరం తెలుస్తుంది. స్టోమా లేకుండా 100 మందిలో 28 మందికి లీకేజీ. అందరికీ స్టోమా పెడితే 10 మందికి. అంటే 18 మందికి మేలు జరిగింది. మిగతా 82 మంది మాటేమిటి? వారిలో 72 మందికి స్టోమా లేకున్నా లీకేజీ వచ్చేది కాదు, 10 మందికి స్టోమా ఉన్నా వచ్చింది. ఒక్కరిని కాపాడటానికి సుమారు ఆరుగురు సంచి మోయాలి. ఆ ఒక్కరు ఎవరన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు. ఈ విషయంలో సర్జన్ల మధ్య ఉన్న భేదాభిప్రాయమంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుందని నా ఉద్దేశం.

మరో సంగతి. స్టోమా లేనివారిలో 28 శాతం అన్నది ఇతర చోట్ల సాధారణంగా నమోదయ్యే లీకేజీ కన్నా ఎక్కువే. లీకేజీ సహజంగానే తక్కువగా ఉన్న చోట స్టోమా ఇచ్చే లాభం కూడా చిన్నదవుతుంది. ఊహకు, లీకేజీ 100 మందిలో నలుగురికే వచ్చే ఎత్తైన అతుకులను తీసుకుందాం. స్టోమా దాన్ని అదే నిష్పత్తిలో తగ్గించినా మేలు పొందేది ఇద్దరు ముగ్గురే, సంచి మోసేది మాత్రం 100 మందీ. పైగా స్టోమా వల్ల మరణాలు తగ్గాయని లాటరీ పద్ధతి పరీక్షలు స్పష్టంగా రుజువు చేయలేదు. తగ్గేది లీకేజీ తీవ్రత, అత్యవసర ఆపరేషన్లు.

ఎవరికి పెడతారు, ఎక్కడ సందిగ్ధం

రెండు ఊహా ఉదాహరణలు చూద్దాం. ఒకరికి గడ్డ మలద్వారానికి 6 సెంటీమీటర్ల ఎత్తున ఉంది, రేడియేషన్, కీమోథెరపీ అయ్యాయి, పేగును 3 సెంటీమీటర్ల ఎత్తున కలిపారు. ఇక్కడ స్టోమా పెట్టడంపై సర్జన్లలో పెద్ద వాదన ఉండదు. ఇంకొకరికి గడ్డ మలాశయానికి పైనున్న సిగ్మాయిడ్ పేగులో ఉంది, రేడియేషన్ లేదు, ఆరోగ్యం బాగుంది. ఇక్కడ ముందుజాగ్రత్త స్టోమా సాధారణంగా అవసరపడదు. చిక్కంతా ఈ రెండింటి మధ్య ఉన్నవారితోనే. అతుకు 8 సెంటీమీటర్ల ఎత్తున ఉంది, రేడియేషన్ లేదు, కానీ మనిషి పొగ తాగుతాడు, మధుమేహం ఉంది. ఇలాంటి చోట ఒక ఆసుపత్రిలో స్టోమా పెడతారు, పక్క ఆసుపత్రిలో పెట్టరు, ఇద్దరూ తప్పు చేశారనలేం.

కిందున్న అతుకులన్నిటికీ పెట్టాలనేవారు లీకేజీ వస్తే జరిగే నష్టం ఎంత పెద్దదో చూపుతారు. ఎంచి పెట్టాలనేవారు అవసరం లేకుండా స్టోమా మోసిన 72 మందిని చూపుతారు. ఆపరేషన్ సమయంలో ప్రత్యేక రంగును రక్తంలోకి ఎక్కించి పేగు కొసలకు రక్తం అందుతోందో లేదో కెమెరాతో చూసే పద్ధతి, మలద్వారం గుండా గొట్టం ఉంచి ఒత్తిడి తగ్గించే పద్ధతి ఈ ఎంపికకు ఆసరా ఇస్తున్నాయి. మధ్యేమార్గంగా ‘ఘోస్ట్ ఇలియాస్టమీ’ అనేదొకటుంది. చిన్నపేగు మడత చుట్టూ పట్టీ ఒకటి వేసి దాని కొసలను చర్మం దగ్గర ఉంచుతారు. పేగును మాత్రం బయటికి తీయరు. లీకేజీ వస్తే ఆ పట్టీతోనే మడతను పైకి లాగి స్టోమాగా తెరుస్తారు, రాకపోతే పట్టీ తీసేస్తారు. పేరుకు దెయ్యమే అయినా, కనిపించకుండా కాపలా కాసే ఆలోచన బాగుంది. కానీ లీకేజీని సకాలంలో పసిగట్టగలిగితేనే దానివల్ల ఉపయోగం.

పేగు పూర్తిగా మూసుకుపోయి లేదా పగిలి అత్యవసరంగా చేసే ఆపరేషన్ల సంగతి వేరు. అప్పుడు గడ్డ ఉన్న భాగాన్ని తీసి, కింది కొసను మూసేసి, పై కొసను కొలాస్టమీగా బయటికి తెస్తారు. 1921లో హెన్రీ హార్ట్‌మన్ వివరించిన ఈ ఆపరేషన్‌లో అతుకు అనేదే ఉండదు. అందుకే ప్రమాదంలో ఉన్న రోగికి అది సురక్షితం. దీన్ని తిరిగి కలపడం మాత్రం లూప్ మూసినంత తేలిక కాదు, పెద్ద ఆపరేషనే. వయసు పైబడినవారిలో చాలామందికి ఆ రెండో ఆపరేషన్ జరగనే జరగదు.

చిన్నపేగా, పెద్దపేగా

లూప్ ఇలియాస్టమీని ఎక్కువమంది సర్జన్లు ఎంచుకుంటారు. చేయడం తేలిక, మూయడం తేలిక, వాసన తక్కువ. లూప్ కొలాస్టమీలో పేగు బయటికి జారడం, చుట్టూ హెర్నియా రావడం ఎక్కువ. అయితే కొలాస్టమీలో శరీరం నీళ్లు, ఉప్పు అంతగా కోల్పోదు. మూత్రపిండాలు ముందే బలహీనంగా ఉన్నవారికి ఈ తేడా నిర్ణయాత్మకం కావచ్చు. ఇలియాస్టమీ మంచిదంటూ చెప్పే లెక్కల్లో దాని వెల ఇంటికి వెళ్లిన తర్వాత కట్టాల్సి వస్తుందన్న సంగతి తరచూ మరుగున పడుతుంది.

ఉప్పు, నీళ్ల లెక్క

చిన్నపేగు నుంచి పెద్దపేగులోకి రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా ద్రవం చేరుతుంది. పెద్దపేగు అందులో దాదాపు అంతటినీ పీల్చుకుని మలంతో 100 నుంచి 200 మిల్లీలీటర్ల నీరు మాత్రమే బయటికి పోనిస్తుంది. ఇలియాస్టమీ పెట్టినప్పుడు పెద్దపేగు పక్కకు తప్పుకుంటుంది. మొదటి రోజుల్లో ద్రవం ఎక్కువగా వచ్చి, చిన్నపేగు అలవాటు పడేకొద్దీ రోజుకు సుమారు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల దగ్గర కుదురుకుంటుంది. లీటరున్నర దాటితే ‘హై అవుట్‌పుట్’ అని లెక్క.

ఇక్కడ నీళ్ల కన్నా ఉప్పు నష్టమే పెద్దది. ఇలియాస్టమీ ద్రవంలో లీటరుకు సుమారు 100 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. అంటే దాదాపు 6 గ్రాముల ఉప్పు. రోజుకు 2 లీటర్లు పోతే 12 గ్రాముల ఉప్పు పోయినట్టే. అంత నష్టంలో మనిషికి విపరీతమైన దాహం వేస్తుంది, ఆయన సహజంగానే గ్లాసుల కొద్దీ మామూలు నీళ్లు తాగుతాడు. ఉప్పు లేని నీరు పేగులోకి చేరగానే పేగు గోడ నుంచి సోడియం ఆ నీటిలోకి వచ్చి చేరుతుంది, ద్రవం ఇంకా పెరుగుతుంది, సంచి ఇంకా త్వరగా నిండుతుంది. తాగినకొద్దీ ఎండిపోవడం అనే ఈ వింత తెలియకే చాలామంది కళ్లు తిరిగి, మూత్రం తగ్గి, కాళ్లు పిక్కలు పట్టేసి మళ్లీ ఆసుపత్రిలో చేరతారు. ఇలియాస్టమీ తర్వాత తిరిగి చేరడానికి ముఖ్య కారణాల్లో ఈ నిర్జలీకరణ ఒకటి, దాని వెంటే మూత్రపిండాల దెబ్బ. ద్రవం ఎక్కువగా పోతున్నప్పుడు డాక్టర్లు మామూలు నీళ్లను తగ్గించి, ఉప్పూ గ్లూకోజూ సరైన పాళ్లలో కలిసిన ద్రావణాన్ని ఇవ్వడం, పేగు కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ వాడటం ఇందుకే.

దీనితో పోలిస్తే చర్మం సమస్యలు చిన్నవే అయినా రోజూ వేధించేవి. మొదట వాచి ఉన్న స్టోమా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కుంచించుకుపోతుంది. సంచి పట్టీలో కత్తిరించిన రంధ్రం మాత్రం పాత కొలతకే ఉండిపోతే, ఆ ఖాళీలో ద్రవం చేరి చర్మాన్ని కొరుకుతుంది. ఆపరేషన్‌కు ముందే రోగిని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంచి చూసి స్టోమా చోటును పెన్నుతో గుర్తు పెట్టడం వెనకా ఇలాంటి కారణమే ఉంది. పొట్ట మడతలో పడిన స్టోమాకు సంచి అంటుకోదు, రోగి కంటికి కనబడని చోట పెడితే తనకు తానుగా మార్చుకోలేడు.

మరొకటి రోగులను హడలెత్తిస్తుంది. మలమంతా సంచిలోకే పోతున్నా అప్పుడప్పుడు మలద్వారం నుంచి జిగురులాంటిది పడుతుంది. అతుకు విడిపోయిందేమోనని కంగారుపడతారు. కింది పేగు ఖాళీగా ఉన్నా జిగురు తయారు చేయడం మానదు, అంతే. జ్వరమో, కటిలో నొప్పో, చీము వాసనో తోడైతే మాత్రం అది వేరే కథ.

తాత్కాలికం అంటే ఎన్నాళ్లు

అతుకు మానిందో లేదో వేలితో, ఎండోస్కోపీతో, మలద్వారం గుండా కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేతో లేదా సీటీ స్కాన్‌తో చూసుకున్నాకే మూస్తారు. మామూలుగా వినిపించే గడువు మూడు నెలలు. ఆపరేషన్ తర్వాత కీమోథెరపీ ఉంటే అది పూర్తయ్యేదాకా ఆగడం పరిపాటి, అప్పుడు గడువు ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో అవుతుంది. కీమోథెరపీతో విరేచనాలు వస్తే ఇలియాస్టమీ ఉన్నవారికి ఉప్పు లెక్క మరింత తలకిందులవుతుంది.

ఎలాగూ మానిన అతుకుకు మూడు నెలలెందుకన్న ప్రశ్నకు డెన్మార్క్, స్వీడన్‌లలో జరిగిన ఒక పరీక్ష జవాబు వెతికింది. లీకేజీ జాడ లేదని తేలిన 112 మందిలో 55 మందికి 8 నుంచి 13 రోజుల మధ్య, మిగతావారికి 12 వారాలు దాటాక మూశారు. ఏడాదిలో ఎదురైన సమస్యలు తొందరగా మూసినవారిలో సగటున 1.2, ఆలస్యంగా మూసినవారిలో 2.9. 2017లో ఇది వెలువడినప్పుడు ఆశ కలిగింది. అయితే 30 రోజులకూ 90 రోజులకూ మూయడాన్ని పోల్చిన లిథువేనియా పరీక్షను తొందరగా మూసినవారిలో సమస్యలు పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. మొదటి పరీక్షలో ఏ ఇబ్బందీ లేకుండా కోలుకుంటున్నవారినే ఎంచుకున్నారన్నది గుర్తుంచుకుంటే, తొందరగా మూయడం కొందరికే సరిపోయే దారి అనిపిస్తుంది.

మూసే ఆపరేషన్, మూతపడని స్టోమాలు

స్టోమా చుట్టూ గాటు పెట్టి, మడతను విడదీసి, దాని రెండు నోళ్లనూ కలిపి కుట్టి లోపలికి నెట్టేయడమే మూసే ఆపరేషన్. ‘చిన్న ఆపరేషన్’ అని అందరూ అంటారు. 48 అధ్యయనాల్లోని 6,107 మంది వివరాలను కలిపి చూసిన 2009 నాటి సమీక్షలో ఇలియాస్టమీ మూసినవారిలో 17.3 శాతం మందికి ఏదో ఒక సమస్య వచ్చింది, 0.4 శాతం మంది చనిపోయారు. పేగు కదలకుండా మొరాయించడం, గాయం చీముపట్టడం, తర్వాత అదే చోట హెర్నియా రావడం తరచూ కనిపించేవి. స్టోమా ఎంత భద్రత ఇచ్చిందో లెక్కేసేటప్పుడు ఈ రెండో ఆపరేషన్ నష్టాన్నీ అదే పద్దులో రాయాలి.

కొందరికి ఆ రెండో ఆపరేషన్ దాకా దారే ఉండదు. ముందు చెప్పిన స్వీడన్ పరీక్షలోని 234 మందినీ ఏళ్ల తరబడి గమనిస్తే 45 మందికి, అంటే 19 శాతానికి, స్టోమా శాశ్వతంగా మిగిలింది. స్టోమా లేకుండా మొదలైనవారు కూడా ఈ లెక్కలో ఉన్నారు. లీకేజీ వచ్చి మానని అతుకు, మరోచోట తేలిన క్యాన్సర్, రెండో ఆపరేషన్‌కు తట్టుకోలేని ఆరోగ్యం మామూలుగా కనిపించే కారణాలు. ‘తాత్కాలికం’ అన్నది సర్జన్ ఉద్దేశాన్ని తెలిపే మాటే తప్ప హామీ కాదు. సంతకాలు పెట్టించుకునే వేళ ఈ మాటను విడమరచి చెప్పకపోతే తర్వాత కొందరు మోసపోయామని బాధపడవచ్చు.

మూశాక పేగు ఎలా పని చేస్తుంది

మలాశయం మలాన్ని నిల్వ ఉంచే తిత్తి. దాన్ని తీసేసి పైపేగును నేరుగా మలద్వారానికి దగ్గరగా కలిపినప్పుడు నిల్వకు చోటు ఉండదు. రోజుకు పలుమార్లు వెళ్లాల్సి రావడం, వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ తోయడం, ఆపుకోలేకపోవడం, గాలికీ మలానికీ తేడా తెలియకపోవడం లాంటి లక్షణాల గుంపును లో ఆంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్, పొట్టిగా లార్స్ అంటారు. దాని తీవ్రతను కొలిచే ప్రశ్నావళిని డెన్మార్క్ వైద్యులు 2012లో ప్రచురించారు. స్టోమా ఉన్నన్నాళ్లూ ఈ కష్టం తెరమరుగున ఉంటుంది, మూసిన మర్నాటి నుంచి బయటపడుతుంది. అందుకే స్టోమా వల్లనే పేగు చెడిందని చాలామంది అనుకుంటారు, అసలు కారణం మలాశయం లేకపోవడం, కొంత రేడియేషన్. ఏడాది, రెండేళ్ల వరకు నెమ్మదిగా మెరుగవుతుంది, చాలా కింద అతుకు పడినవారిలో కొంత ఎప్పటికీ మిగులుతుంది.

సంచి ఎప్పుడు పోతుందా అని నెలలు లెక్కపెట్టినవారిలోనే కొద్దిమంది, మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోకుండా గడప దాటలేని స్థితికి విసిగి, కొన్నేళ్లకు సర్జన్ దగ్గరికి వచ్చి శాశ్వత కొలాస్టమీ పెట్టమని తామే అడుగుతారు.